అరకు ఏ మెనూలో ఉండాలి? విశాఖ సైట్‌కి దారులు వేసిన అనుభవం

విశాఖ చుట్టుపక్కల చూడాల్సిన చోట్ల గురించి తెలుగులో చెప్పే ఒక వెబ్‌సైట్‌కి కొత్త మెనూ వేసే పని మాకు వచ్చింది. మొదలుపెట్టేనాటికి అందులో 214 పేజీలున్నాయి. రాత శుభ్రంగా ఉంది, వేళలూ టికెట్ ధరలూ ఎప్పటికప్పుడు దిద్దుతున్నారు. అయినా సైట్ వాళ్ల ఆఫీసుకి ఫోన్లు ఆగట్లేదు. "బొర్రా గుహలు ఎన్నింటికి తీస్తారండీ?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. జవాబు సైట్‌లో ఉంది. అక్కడికి వెళ్లే దారే దొరకట్లేదు.

ఎందుకు దొరకట్లేదో పాత మెనూ చూస్తే తెలిసిపోతుంది. పైవరసలో తొమ్మిది మాటలు: హోమ్, మా గురించి, విశాఖపట్నం జిల్లా, అనకాపల్లి జిల్లా, అల్లూరి సీతారామరాజు జిల్లా, సౌకర్యములు, సమాచారం, గ్యాలరీ, మరిన్ని. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా మూడైంది. అరకు, బొర్రా, లంబసింగి అల్లూరి జిల్లాలోకి వెళ్లాయి, బొజ్జన్నకొండ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. సైట్ వాళ్లు ఆ ప్రకారమే పేజీలు సర్దారు. కాగితం మీద తప్పేమీ లేదు. కానీ హైదరాబాద్‌లో రైలు టికెట్ తీసుకుని బయల్దేరే కుటుంబానికి అరకు అంటే వైజాగ్ ట్రిప్‌లో రెండో రోజు. వాళ్లకి అల్లూరి జిల్లా అన్న మాట నొక్కాలని తోచదు. విశాఖ మద్దిలపాలెంలో పుట్టి పెరిగినవాళ్లకే తోచలేదు.

ముందు పేజీల లెక్క

కొత్త మెనూ కాగితం మీద గీయడానికి ముందు రెండు వారాలు లెక్కకే పోయాయి. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని దాటేస్తే ఆ తర్వాత చేసేదంతా ఊహే అవుతుంది. స్క్రీమింగ్ ఫ్రాగ్ అనే సాఫ్ట్‌వేర్ సైట్ అంతా తిరిగి పేజీల చిరునామాలు పట్టికగా ఇస్తుంది. 500 చిరునామాల వరకు డబ్బు కట్టక్కర్లేదు, మాకు అది చాలింది. ఆ పట్టికకి ఎక్సెల్‌లో ఐదు కాలమ్‌లు కలిపాం: పేజీ దేని గురించి, చివరిసారి ఎప్పుడు దిద్దారు, ఏడాదిలో ఎంతమంది చూశారు, ఎవరి బాధ్యత, ఇప్పుడేం చేయాలి. ఆఖరి కాలమ్‌లో మూడు మాటలకే అనుమతి: ఉంచు, కలుపు, తీసెయ్. "తర్వాత చూద్దాం" అన్న నాలుగో మాట రానిస్తే సగం పేజీలు దాని కిందకే చేరతాయి.

సింహాచలం మీద నాలుగు పేజీలు బయటపడ్డాయి. ఒకదాంట్లో గుడి చరిత్ర, ఒకదాంట్లో దర్శనం వేళలు, మూడోది ఎప్పటిదో చందనోత్సవం ప్రకటన, నాలుగోది "ఆధ్యాత్మిక పర్యాటకం" కింద మళ్లీ అదే చరిత్ర. రెండు పేజీల్లో రెండు రకాల వేళలున్నాయి. ఇలాంటివన్నీ కలిపి, పాడైపోయినవి తీసేస్తే 138 మిగిలాయి. మెనూ గజిబిజిగా ఉందని మా దగ్గరికి వచ్చే చాలా సైట్లలో అసలు గజిబిజి పేజీల్లోనే ఉంటుంది. ఒకే సంగతి నాలుగు చోట్ల ఉంటే ఏ మెనూ దాన్ని చక్కదిద్దలేదు.

ఇక జనం మాటలు. రెండు చోట్ల నుంచి పోగుచేశాం. సైట్‌లోని వెతుకులాట పెట్టెలో జనం ఏం టైప్ చేశారో గూగుల్ అనలిటిక్స్‌లో కనిపిస్తుంది, అది ఒకటి. రెండోది ఆఫీసు ఫోన్ పక్కన పెట్టిన ఒక నోటుబుక్కు. పధ్నాలుగు రోజుల పాటు వచ్చిన ప్రతి ప్రశ్ననీ, అడిగినవాళ్లు ఏ మాట వాడారో ఆ మాటతోనే రాయమన్నాం. "రవాణా సౌకర్యం" అని ఒక్కరూ అనలేదు. "బస్సు ఎక్కడ ఎక్కాలి", "రైలు ఎన్నింటికి", "కారు మాట్లాడుకుంటే ఎంత". తర్వాత మెనూ పేర్లు పెట్టడానికి మాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ నోటుబుక్కే.

కార్డుల పని

138 పేజీల్లోంచి అన్ని రకాలూ వచ్చేలా 40 ఎంచి, ఒక్కోటి ఒక్కో కార్డు మీద రాశాం. 30కి తగ్గితే గుంపులు సరిగా ఏర్పడవు, 60 దాటితే మనిషి అలిసిపోయి చివరి కార్డుల్ని ఎక్కడో ఒకచోట పడేస్తాడు. 15 మందిని, ఒకసారికి ఒక్కరినే కూర్చోబెట్టాం. ఊరివాళ్లు కొందరు, బయటి ఊళ్ల నుంచి వచ్చి వెళ్లేవాళ్లు కొందరు, పిల్లల్ని తీసుకుని వచ్చేవాళ్లు, పెద్ద వయసు వాళ్లు. కార్డులు బల్ల మీద పరిచి "మీకు ఏవి ఒకచోట ఉండాలనిపిస్తే అవి కలపండి, తర్వాత ప్రతి కుప్పకీ మీరే పేరు రాయండి" అని మాత్రమే చెప్పాం. ఖాళీ కార్డులూ పెన్నూ పక్కనే. ఒక్కొక్కరికి ముప్పావుగంట పట్టింది.

మొదటి ముగ్గురి దగ్గర మా తప్పు బయటపడింది. "దర్శనం వేళలు", "దర్శనం టికెట్లు", "మ్యూజియం వేళలు", "మ్యూజియం టికెట్లు" అని రాసుకున్నాం. ఒకే మాట కనిపించిన కార్డుల్ని వాళ్లు ఒకచోట పెట్టేశారు. అక్షరాలు కలిశాయి కాబట్టి కలిపారు, అర్థం చూడలేదు. ఆ మూడు ఫలితాలూ పక్కన పెట్టి కార్డులు తిరగరాశాం: "సింహాచలం గుడి ఎప్పుడు తెరుస్తారు", "కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లడానికి ఎంత", ఇలా ఒక్కో కార్డుకి ఒక్కో తీరు వాక్యం. కొత్త కార్డులతో మళ్లీ 15 మంది.

ఫలితాల్ని 40 అడ్డవరసలు, 40 నిలువు వరసల పట్టికలో వేస్తే చాలు. ఏ రెండు కార్డుల్ని ఎంతమంది కలిపారో ఆ గడిలో అంకె రాస్తాం. పెద్ద అంకెలున్న గడులకి రంగు పూస్తే కుప్పలు కంటికి కనబడతాయి. మాకు కనబడింది ఇది: చోట్లని ఎవరూ జిల్లాల వారీగా సర్దలేదు, "కొండలు, బీచ్‌లు, గుళ్లు" అని రకాల వారీగా సర్దినవాళ్లూ తక్కువే. ఎక్కువమంది సర్దింది రోడ్డుని బట్టి. రుషికొండ, తొట్లకొండ, బావికొండ, భీమిలి ఒక కుప్ప. బొర్రా, అనంతగిరి, అరకు ఒక కుప్ప. నర్సీపట్నం మీదుగా వెళ్లే లంబసింగి వేరే కుప్ప. ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, జూ పార్కు "ఊళ్లోవి". ఒక పెద్దావిడ కుప్పలకి పేర్లు రాయమంటే "పొద్దున్నెళ్లి సాయంత్రం వచ్చేసేవి", "రాత్రి ఉండాల్సినవి" అని రాసింది. రోడ్డు వారీగా సర్దడంలో ఉన్న సంగతీ అదే: ఒక్క రోజులో ఏవేవి కలిపి చూడొచ్చు అన్నది.

అలా జిల్లా పేర్లు మెనూలోంచి పోయాయి. ప్రతి చోటు పేజీలోనూ చిరునామా దగ్గర మండలం, జిల్లా ఉంచాం. పోలీస్ స్టేషన్‌కో ఆస్పత్రికో ఫోన్ చేయాల్సి వస్తే అది కావాలి.

మాటల దగ్గర

పై మెనూలో చివరికి నిలిచినవి ఆరు: చూడాల్సినవి, గుళ్లు–ఉత్సవాలు, ఎలా వెళ్లాలి, ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, సాయం. చూడాల్సినవి కింద నాలుగు దారులు: ఊళ్లోవి, భీమిలి రోడ్డు, అరకు వైపు, లంబసింగి–అనకాపల్లి వైపు.

ఆరే ఎందుకు అని చాలామంది అడుగుతారు. ఏడు ప్లస్ లేదా మైనస్ రెండు అన్న లెక్కని మెనూలకి నియమంగా చెప్పడం మా వృత్తిలో పాత అలవాటు. అది జార్జ్ మిల్లర్ 1956లో రాసిన వ్యాసంలోది, మనిషి ఒకసారికి ఎన్ని సంగతులు మనసులో పట్టి ఉంచగలడన్న దాని గురించి. మెనూని ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, కళ్ల ముందే ఉంటుంది. మేం ఆరు దగ్గర ఆగింది, కుప్పలు అన్నే వచ్చాయి కాబట్టి, ఫోన్ తెర మీద జరపకుండా అన్నీ ఒకేసారి కనబడతాయి కాబట్టి. అలాగే "మూడు నొక్కుల్లో గమ్యం చేరాలి" అన్నది కూడా. నాలుగు నొక్కులైనా ప్రతి నొక్కులోనూ సరైన దారిలో ఉన్నామని తెలుస్తుంటే జనం ఇబ్బంది పడరు. రెండో నొక్కు దగ్గరే అనుమానం వస్తే వెనక్కి వెళ్లిపోతారు.

సమాచారం, సేవలు, వనరులు, మరిన్ని: ఈ నాలుగూ తెలుగు సైట్ల మెనూల్లో ఎక్కడ చూసినా ఉంటాయి, వాటి వెనక ఏముందో నొక్కితే గానీ తెలియదు. సైట్ మొత్తం సమాచారమే అయినప్పుడు ఒక గదికి ఆ పేరెందుకు? "సౌకర్యములు" అన్న మాట కింద పాత సైట్‌లో హోటళ్లు, బస్సులు, ఏటీఎమ్‌లు, మరుగుదొడ్లు అన్నీ ఉన్నాయి. మెనూ మాటకి మేం పెట్టుకున్న పరీక్ష ఒకటే. ఆ మాట ఫోన్‌లో పైకి చదివి వినిపించి, "దీని లోపల ఏముంటుంది?" అని అడగాలి. ఐదుగురిలో ఇద్దరు వేరే జవాబు చెబితే మాట మార్చాలి.

"మమ్మల్ని సంప్రదించండి" తీసేసి "ఫోన్, చిరునామా" పెట్టాం. "వసతి గృహములు" బదులు "ఎక్కడ ఉండాలి". పేజీ పైన దారి చూపే వరసలో హోమ్ అన్న మాటని మాత్రం కదపలేదు. గృహం, ముఖపుట, మొదటి పేజీ అన్నీ పెట్టి చూశాం, హోమ్ అంత త్వరగా ఏదీ అందలేదు. జనం నోట్లో ఉన్న మాట ఇంగ్లిష్ నుంచి వచ్చిందా సంస్కృతం నుంచి వచ్చిందా అన్నది మెనూకి అనవసరం.

ఒక చిక్కు: సింహాచలం చూడాల్సినవిలో ఉండాలా, గుళ్లలో ఉండాలా? కార్డుల్లో సగం సగం చీలింది. ఇలాంటప్పుడు ఒకటి ఎంచుకుని రెండోవాళ్లని ఇబ్బంది పెట్టక్కర్లేదు. పేజీ ఒక్కటే, చిరునామా ఒక్కటే, దానికి రెండు గుమ్మాలు. అయితే ఇలాంటి రెండు గుమ్మాల పేజీలు పదికి మించితే విభజనలోనే లోపం ఉన్నట్టు. మాకు ఆరు వచ్చాయి.

కాగితం మీద చెట్టు

రంగులు, బొమ్మలు వేయకముందే మెనూ అనే చెట్టుకి కొమ్మలు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. మెనూ మాటల్ని మాత్రమే కాగితాల మీద రాసి, పై వరస ముందు చూపించి, ఏది ఎంచుకుంటే దాని కింది కాగితం ఇస్తాం. దీన్ని ట్రీ టెస్ట్ అంటారు. ఒక్కొక్కరికి ఎనిమిది పనులే ఇచ్చాం. పది దాటితే మెనూ వాళ్లకి కంఠతా వచ్చేస్తుంది, ఆ తర్వాతి జవాబులకి విలువ ఉండదు.

పని రాసేటప్పుడు మెనూలో ఉన్న మాట పనిలో రాకూడదు. "అరకు ఎలా వెళ్లాలో కనుక్కోండి" అని అడిగితే "ఎలా వెళ్లాలి" వేలితో చూపిస్తారు, పరీక్ష అయిపోయినట్టే. మేం ఇలా రాశాం: "ఆదివారం పొద్దున్న పిల్లలతో బొర్రా బయల్దేరుతున్నారు. రైలు దొరక్కపోతే ఇంకేం ఉందో చూడండి." ప్రతి పనికీ నాలుగు సంగతులు నోట్ చేశాం: మొదటి వేలు ఎక్కడ పెట్టారు, ఎన్నిసార్లు వెనక్కి వచ్చారు, చివరికి ఎక్కడ ఆగారు, ఎంతసేపు ఆలోచించారు. వీటిలో మొదటి వేలే ముఖ్యం. అది తప్పు చోట పడితే ఆ తర్వాత సరైన చోటికి చేరేవాళ్లు తగ్గిపోతారు.

పోలిక కోసం పాత మెనూని కూడా ఇలాగే పెట్టాం. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం కూర్చున్న ఒకావిడ కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇదేటి బాబూ, అన్నీ జిల్లాలే ఉన్నాయి. అరకు ఎల్లాలంటే ఏది నొక్కాలి?" అంది. ఆ వాక్యం ఉన్నదున్నట్టు రాసుకుని సైట్ వాళ్లకి చూపించాం. జిల్లాల పేర్లు తీసేయడానికి ఒప్పుకోని పెద్దలు ఆ తర్వాత మళ్లీ ఆ ఊసెత్తలేదు.

కొత్త చెట్టులోనూ ఒక కొమ్మ విరిగింది. "సాయం" కింద అత్యవసర ఫోన్ నంబర్లు పెట్టాం. చాలామంది ఆ మాటని విరాళం అనుకున్నారు. "సాయం – ఫోన్ నంబర్లు" అని రెండు ముక్కలు కలిపి పెడితే సర్దుకుంది.

తెలుగు అక్షరం, ఫోన్ తెర

ఇంగ్లిష్ సైట్ల కోసం తయారైన మెనూ డిజైన్‌లో తెలుగు మాటలు పోస్తే ఏమవుతుందో ఒక్క బటన్ చూస్తే చాలు. ఎత్తు 40 పిక్సెళ్లకి బిగించి, వరస ఎత్తు అక్షరం సైజుకి 1.2 రెట్లని పెట్టి, మిగిలింది కనబడకుండా కత్తిరించమన్న సీఎస్‌ఎస్ (పేజీ రూపం చెప్పే కోడ్) అది. అందులో "కనకమహాలక్ష్మి గుడి, బురుజుపేట" రెండు వరసలుగా విరిగింది. పై వరసలో "క్ష్మి" కింద ఉన్న మ-ఒత్తు, కింది వరసలో "జు", "పే" అక్షరాల పై భాగాలు ఒకదాంట్లో ఒకటి దూరిపోయాయి. అడుగు వరసలో ఒత్తు ఉన్న వేరే బటన్లలో అయితే ఆ ఒత్తు సగానికి తెగి, అది ఏ ఒత్తో తెలియకుండా పోయింది. వరస ఎత్తు 1.7కి పెంచి, ఎత్తు బిగించడం మానేసి పైనా కిందా పది పిక్సెళ్ల ఖాళీ ఇచ్చాం. బటన్ తనకి కావలసినంత పెరుగుతుంది.

అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్ స్పేసింగ్ తెలుగుకి సున్నా చేయాలి. ఇంగ్లిష్ పెద్దక్షరాలకి అది అందం, తెలుగులో పదం ముక్కలైనట్టు కనబడుతుంది. మాట పొడుగైతే చివర మూడు చుక్కలు పెట్టి కత్తిరించే పద్ధతి కూడా వద్దు. "అనంతగిరి..." దగ్గర తెగితే జలపాతమో కాఫీ తోటో ఎవరికి తెలుస్తుంది? అలాంటి చోట మాటనే చిన్నది చేసుకోవాలి. అక్షరం సైజు 14 పిక్సెళ్లకి తగ్గించొద్దు, ఒత్తులు చుక్కల్లా అయిపోతాయి. మెనూకి ఫోన్‌లో ముందే ఉన్న తెలుగు ఫాంట్ వాడాం. బయటి నుంచి ఫాంట్ తెప్పిస్తే అది వచ్చేలోపు ఒక తీరుగా, వచ్చాక ఇంకో తీరుగా కనిపించి, నొక్కబోయిన మాట వేలి కింద నుంచి జరిగిపోతుంది. అయితే ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఫాంట్ వెడల్పు ఒక్కోలా ఉంటుంది కాబట్టి చవక ఫోన్లు నాలుగు దగ్గర పెట్టుకుని చూడక తప్పదు.

మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ తెర వెడల్పు వెబ్ పేజీల లెక్కలో 360 పిక్సెళ్ల చుట్టూ ఉంటుంది. అడుగున పట్టీ పెట్టి ఐదు బటన్లు వేస్తే ఒక్కోదానికి 72 వస్తుంది, "చూడాల్సినవి" అందులో ఇరుకుగా కూర్చుంటుంది. నాలుగు వేస్తే 90. అందుకని నాలుగే: చూడాల్సినవి, ఎలా వెళ్లాలి, వెతుకు, మెనూ. మూడు గీతల గుర్తు ఒక్కటే పెట్టలేదు, దాని కింద "మెనూ" అన్న మాట ఉంది. గుర్తు వెనక దాచిన దారిని జనం తక్కువ వాడతారు, కాబట్టి ఎక్కువమందికి కావలసిన రెండు దారులు బయటే పెట్టాం. నొక్కే చోటు ఎత్తు 48 పిక్సెళ్లు. వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం కనీసం 24 చాలంటుంది, యాపిల్ 44 అంటుంది, గూగుల్ 48 అంటుంది. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో ఫోన్ పట్టుకుని బొటనవేలితో నొక్కే మనిషికి 48 కూడా ఎక్కువ కాదు. మెనూ తెరిస్తే ఆరు వరసలకి 288 పిక్సెళ్లు, చిన్న ఫోన్‌లోనూ జరపకుండా కనబడతాయి.

అడుగు పట్టీతో రెండు చిక్కులున్నాయి. వెతుకులాట పెట్టె తెరిచి కీబోర్డ్ వస్తే కొన్ని బ్రౌజర్లలో పట్టీ కీబోర్డ్ మీదకెక్కి సగం తెర మింగేస్తుంది, కాబట్టి అప్పుడు దాన్ని దాచాలి. ఐఫోన్‌లో తెర అడుగున ఉండే గీతకి చోటు వదలకపోతే బటన్ నొక్కబోయి సైట్‌లోంచే బయటికి వెళ్లిపోతారు.

రంగుల సంగతి ఆర్కే బీచ్‌లో మధ్యాహ్నం పన్నెండింటికి తేల్చుకున్నాం. తెల్ల నేపథ్యం మీద లేత బూడిద రంగు అక్షరాలు ఆఫీసులో ముచ్చటగా ఉన్నాయి, ఎండలో కనబడనే లేదు. అక్షరం రంగుకీ నేపథ్యానికీ మధ్య వెలుగులో ప్రమాణం అడిగేది కనీసం 4.5కి 1 తేడా. మేం 7కి 1 పైన ఉంచాం. ప్రస్తుతం ఏ పేజీలో ఉన్నామో చెప్పడానికి రంగు ఒక్కటే సరిపోదు, కింద మందపాటి గీత కూడా వేశాం.

అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది. సరిగ్గా అక్కడే జనానికి ఈ సైట్ కావాలి. పాత మెనూ జావాస్క్రిప్ట్ (పేజీలో కదలికలు నడిపే ప్రోగ్రామ్) పూర్తిగా దిగితే గానీ తెరుచుకునేది కాదు, గుర్తులన్నీ బయటి ఫాంట్ ఫైల్‌లోంచి వచ్చేవి, అది రాకపోతే ఖాళీ డబ్బాలు కనబడేవి. కొత్త మెనూని హెచ్‌టీఎమ్‌ఎల్‌లో, అంటే పేజీ రాసే కోడ్‌లోనే, తెరుచుకునే మూసుకునే పని చేసే డీటెయిల్స్, సమ్మరీ ట్యాగులతో కట్టాం. పేజీ అక్షరాలు దిగాయంటే మెనూ తెరుచుకుంటుంది, జావాస్క్రిప్ట్ వచ్చాక కొంచెం మెరుగవుతుంది అంతే.

కంప్యూటర్ మీద మౌస్ పెడితే చాలు తెరుచుకునే మెనూ వద్దనుకున్నాం. పైన "చూడాల్సినవి" మీద నుంచి కింద "అరకు వైపు"కి మౌస్ ఏటవాలుగా వెళ్తుంది, దారిలో పక్క మాటకి తగిలి వేరే మెనూ తెరుచుకుంటుంది. పైగా ఫోన్‌లో "మీద పెట్టడం" అన్నదే లేదు. నొక్కితే తెరుచుకోవాలి, మళ్లీ నొక్కితే మూసుకోవాలి, ఎస్కేప్ నొక్కినా మూసుకుని కర్సర్ మెనూ బటన్ దగ్గరికే తిరిగి రావాలి. పై మాట నొక్కితే పేజీకి వెళ్తుందా, కింది జాబితా తెరుస్తుందా అన్న సందేహం కూడా తీర్చాలి. అది తెరవడానికి మాత్రమే, జాబితాలో మొదటి వరస "అన్నీ చూడండి" పేజీకి తీసుకెళ్తుంది.

చూపు లేనివాళ్లకి ఆండ్రాయిడ్ ఫోన్‌లోని టాక్‌బ్యాక్ మెనూ చదివి వినిపిస్తుంది. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో చెప్పకపోతే తెలుగు గొంతు అందుకోకపోవచ్చు, అప్పుడు మాటలు వంకరగా వినబడతాయి లేదా అసలు వినబడవు. పాత సైట్‌లో భాష ఇంగ్లిష్ అని ఉంది. ఒక్క మాట మార్పు, అంత పెద్ద తేడా. పేజీ మొదట్లో "అసలు విషయానికి వెళ్లండి" అన్న లింకు పెట్టాం, లేకపోతే ప్రతి పేజీలోనూ మెనూ అంతా వినాల్సి వస్తుంది.

చిరునామాలు

ఈ సైట్‌కి వచ్చేవాళ్లలో చాలామంది హోమ్ పేజీ చూడనే చూడరు. గూగుల్‌లోనో వాట్సాప్‌లో వచ్చిన లింకుతోనో నేరుగా లోపలి పేజీలో దిగుతారు. వాళ్లకి పేజీ పైన ఉండే అంచెల వరసే గుమ్మం: హోమ్ › చూడాల్సినవి › అరకు వైపు › బొర్రా గుహలు. దీన్ని బ్రెడ్‌క్రంబ్ అంటారు. ఇది సైట్‌లో ఈ పేజీ ఎక్కడుందో చూపాలి, మనిషి ఏ దారిన వచ్చాడో చూపనక్కర్లేదు, దానికి వెనక్కి బటన్ ఉంది. చివరి మాట లింకు కాకూడదు.

చిరునామాల్లో తెలుగు అక్షరాలు వాడాలని మాకూ ఇష్టమే. కానీ కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టినప్పుడు ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లై, ఒక్కో బైట్ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. "బొర్రా-గుహలు" అన్న చిన్న పేరే వంద అక్షరాల తోకగా మారుతుంది, అది చూసి ఏదో మోసపు లింకు అనుకుంటారు. అందుకే చిరునామాలు ఇంగ్లిష్ అక్షరాల్లో, ప్రతి ఊరికీ ఒకే స్పెల్లింగ్‌తో.

పాత చిరునామాలు తెగిపోకూడదు. 214 పాత చిరునామాలకి ఎదురుగా కొత్తవి ఒక్కొక్కటే రాసి, పాతది నొక్కినవాళ్లని కొత్తదానికి శాశ్వతంగా పంపే ‘301’ రకం రీడైరెక్ట్ పెట్టాం. తీసేసిన పేజీలన్నిటినీ హోమ్‌కి మళ్లించడం సులువు, కానీ గూగుల్ దాన్ని లేని పేజీగానే లెక్కేస్తుంది, మనిషికీ తను అడిగింది ఎందుకు రాలేదో తెలియదు. దగ్గరి పేజీ ఉంటే అక్కడికి, లేకపోతే ఆ పేజీ లేదని నిజం చెప్పే 404 పేజీకి. ఆ పేజీలో వెతుకులాట పెట్టె, ఆరు గుమ్మాలు. రీడైరెక్ట్‌లు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది, మేం తీసే ఉద్దేశంలో లేము.

వెతుకు

మెనూలో దొరకనివాళ్లు వెతుకులాటకి వస్తారు, తెలుగులో అది ఇంకో పెద్ద పని. "సబ్‌మెరైన్" అన్న మాటలో బ-పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక సంకేతం ఉంటుంది, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది ఉంటే "బ్" విడిగా నిలుస్తుంది, లేకపోతే "సబ్మెరైన్" అని మ-ఒత్తు పడుతుంది. మనిషికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కి వేరు. పాత సైట్‌లో ఒకటి టైప్ చేస్తే రెండోది దొరికేది కాదు. వెతికే ముందు రెండు వైపులా ఆ సంకేతాన్ని తీసేస్తే సరి. తర్వాత పార్క్–పార్కు, రోడ్–రోడ్డు, మ్యూజియం–మ్యూజియమ్ జతలు. ఆ తర్వాత ఊరి పేర్లు: వైజాగ్, విశాఖ, విశాఖపట్నం, విశాఖపట్టణం. జలాంతర్గామి, కురుసుర. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే తెలుగు. "అప్పన్న" అని వెతికినవాళ్లకి సింహాచలం రావాలని సైట్ వాళ్లకే తోచలేదు, ఉత్తరాంధ్రలో ఆ దేవుణ్ని అలా కాక ఇంకెలా పిలుస్తారు?

విభక్తుల దగ్గర జాగ్రత్త. "విశాఖలో", "భీమిలికి", "గుహలకు" అని టైప్ చేస్తారు కాబట్టి చివరి లో, కి, కు, నుంచి కత్తిరించే నియమం పెట్టాం. మర్నాడే అరకు మాయమైంది. చివరి "కు" ఊడి "అర" అయింది. ఇప్పుడు వరస మార్చాం: ముందు మాట మొత్తం సరిపోతుందో చూడాలి, సరిపోకపోతేనే చివర కత్తిరించాలి, అది కూడా కత్తిరించాక మిగిలింది మా పేర్ల పట్టికలో ఉంటేనే.

పండగలకి మెనూ మారదు. వైశాఖ శుద్ధ తదియనాడు చందనోత్సవం, ఏడాదికి ఒక్కరోజు అప్పన్న నిజరూప దర్శనం. ఆషాఢ పౌర్ణమి ముందు 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ. ఆ రోజుల్లో వచ్చేవాళ్లంతా అదే అడుగుతారు. మెనూలో ఏడో మాట కలపకుండా, మెనూ కింద పసుపు పట్టీ ఒకటి వేసి, దారి, వేళలు, బస్సుల పేజీకి లింకు ఇస్తాం. పట్టీకి ముగింపు తేదీ ముందే రాయాలి, లేకపోతే కార్తీకంలోనూ అది అక్కడే ఉంటుంది.

ఫలితం రాని వెతుకులాటల జాబితా నెలకోసారి తీస్తున్నాం. మొదటి నెల జాబితాలో అన్నిటికంటే పైన ఉన్నది "వంజంగి". పేజీ సైట్‌లో ఉంది, మేఘాల ఫొటోలతో సహా. దాని శీర్షిక "పాడేరు పరిసర ప్రాంతములు". శీర్షికలో వంజంగి పేరు ముందుకి తెచ్చి, లంబసింగి వైపు జాబితాలో రెండో వరసలో పెట్టాం.